పాపకు, ప్రొద్దుటూరు నుంచి

చిరంజీవి పాపకు నాయన ఆశీస్సులు.

ఈడ నేనూ మీ అమ్మా క్షేమం. మీ అమ్మకు మోకాలినొప్పి కొంచెం తగ్గింది. డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజు నాలుగు దినాలు చేసి మానేసింది. నేను చెప్తే వినదు, నువ్వు చెప్పాల. నీకు ఫోను చేస్తే ఎత్తడం లేదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాండాయి గానీ జవాబు రాదు. పని ఎక్కువ ఉంటుందిలే అని మీ అమ్మకు నేను చెప్తాండా, నాకు మీ అమ్మ చెప్తాంది. ఉత్తరమైతే నీకు తీరినప్పుడు చదువుకుంటావని కాగితం తీసినాను. జీవితమంతా ఊళ్లోవాళ్ల మాటలు దస్తావేజుల్లో రాసిన చెయ్యి ఇది. సొంత బిడ్డకు నాలుగు కాగితాలు రాయలేదా?

గుత్తి మామ మొన్న వచ్చి ఒక మాట చెప్పి పోయినాడు. నంద్యాల వాళ్ల సంబంధం సంగతి. దాని గురించి అడగడానికే రాస్తాండానని అనుకోవద్దు. అది నిదానంగా మాట్లాడుకుందాం. ఇప్పుడు నేను రాయబోయేది పెద్దజేజి సంగతి, మా నాయన తల్లి సంగతి.

ఉగాదినాడు ఓళిగలు తింటా, "నాయనా, పెద్దజేజి నిజంగా నాటకాలు ఆడిందా?" అని అడిగితివి. మీ చిన్నాయన విస్తరి ముందరనుంచి లేచిపోయె. మీ అమ్మ నెయ్యి గిన్నె పట్టుకోని వంటింట్లోకి పోయె. నాకు అప్పటికి తెలిసింది రవ్వంత. మీ జేజి బతికున్నన్నాళ్లూ ఆ ట్రంకుపెట్టె తాళం ఎవురినీ తీయనియ్యలేదు. నువ్వు పుట్టినప్పుడు మా నాయన తన తల్లి పేరు నీకు పెడదామంటే ఇంట్లో పెద్ద రగడే అయింది. ఆయన ఇంక ఆ మాట ఎత్తలేదు. నువ్వు హైదరాబాదుకు పోయినాక నేను వెతకడం మొదలుపెట్టినాను. రిటైరైనోనికి పొద్దుపోవాల కదా అని మీ అమ్మతో చెప్పినాను. అసలు కారణం నీ ప్రశ్న.

మొదట రిజిస్ట్రారు ఆఫీసులో మన ఇంటిపేరుతో చూపించినాను. జమ్మలమడుగు ఇల్లు మా నాయనకు ఎట్ల వచ్చిందో తేలితే ఆమె తేలుతుందని నా లెక్క. నీకు తెలుసు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి, వీలునామాలు మూడో పుస్తకంలోకి. మనుషుల పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తులకు ఇంకొక ఇండెక్సు. మన ఇంటిపేరు కింద ఆ కాలంలో ఒక్క కాగితమూ లేదు. నాతోపాటు అదే చెట్టుకింద పెట్టె పెట్టుకోని రాసిన పెద్దాయన ఉన్నాడే, నీకు చెనిక్కాయ పప్పుండలు ఇచ్చేటాయన, ఆయన అన్నాడు: "సామీ, ఆ కాలంలో నాటకాల ఆడోళ్లకు ఊరే ఇంటిపేరు. తాడిపత్రి అని చూడు." అట్ల చూస్తే దొరికింది. ఒకటి కాదు, రెండు. ఒకటి ఆమె ఇల్లు కొన్న క్రయపత్రం. ఇంకొకటి మా నాయన మేజరైనాక ఆమె ఆ ఇల్లు ఆయన పేరు మీద పెట్టిన సెటిల్‌మెంటు.

నకలు తీసి పంపిస్తాండా, ఈ కవర్లోనే ఉంది. నలపొద్దు, దాని మీద కాఫీ గ్లాసు పెట్టొద్దు. లామినేషన్ అసలే చేయించొద్దు.

రెండో దస్తావేజులో మూడో పంక్తి చూడు. దస్తావేజుల్లో ఆడమనిషి పేరు పక్కన "ఫలానా వారి భార్య" అని గానీ, తండ్రి పేరు పెట్టి "కుమార్తె" అని గానీ ఉంటుంది. నేను రాసినవన్నీ అట్లనే రాసినాను. ఈడ ఆమె పేరు పక్కన తల్లి పేరు ఉంది. ఆ వెనకాల "జీవనము నాటకవృత్తి" అని ఉంది. జీవనము వ్యవసాయం, జీవనము వ్యాపారం, జీవనము కూలి అని లెక్కలేనన్ని సార్లు నా చేత్తో రాసినాను. నాటకవృత్తి అని నేను ఎన్నడూ రాసింది లేదు. ఇంకా కిందికి పో. "నాటకములలో వేషములు కట్టి నేను సంపాదించుకొన్న స్వార్జిత ద్రవ్యముతో కొనుగోలు చేసినదై, నా స్వాధీనానుభవములో ఉన్నదై" అని ఉంది. మీ చిన్నాయన కాపురముండే మిద్దె అదే పాపా. ఆ నాపరాళ్ల పడసాల, ఆ దూలాలు, నువ్వు చిన్నప్పుడు జారిపడి గడ్డం పగలగొట్టుకున్న ఆ మెట్లు, అన్నీ ఆమె రాత్రులు మేలుకోని సంపాదించినవి. పడమటి హద్దు "బావి" అని రాసినారు చూడు. ఆ బావి పూడ్చేసినారు. మీ చిన్నాయన బండి నిలబెట్టేది దాని మీదనే.

ఇంకొక సంగతి. నకల్లో చివరన "చేవ్రాలు" అని ఉంది. చదువు రానోళ్లకయితే "నిశాని" అని ఉంటుంది. అంటే ఆమెకు చదువు వచ్చు. అసలు కాగితం ట్రంకుపెట్టెలోనే దొరికింది, ఆ సంతకం నేను చూసినాను. గుండ్రటి అక్షరాలు, పాతకాలం వలపలగిలక, అదే అక్షరం పక్కన పెట్టే రకారపు గుర్తు, పెట్టి రాసింది. చెయ్యి ఎక్కడా వణకలేదు. ఎవురో పక్కన కూర్చోని రాయించిన సంతకం ఎట్లుంటుందో నాకు బాగా తెలుసు. ఇది అట్లాంటిది కాదు.

నువ్వు అన్నం సరిగా తింటాండావా? ఆ హాస్టలు మాదిరి ఇంట్లో ముగ్గురూ కలిసి వండుకుంటారని చెప్పితివి. మొన్న నీ ఫొటో చూస్తే కంటికింద నల్లగా ఉంది. రాత్రిళ్లు మేలుకుంటాండావు, కారణం పని ఒక్కటేనా అని నాకు అనుమానం. గుత్తి మామ చెప్పిన మాట మళ్లీ నా తలలోకి వస్తాంది. సరే, ముందర ఇది ముగిస్తా.

పెట్టె అడుగున ఒక కరపత్రం దొరికింది. పసుపు కాయితం, మడతల దగ్గర చినిగింది. "హరిశ్చంద్ర" అని పెద్ద అక్షరాలు, కింద వేషగాళ్ల పేర్లు. చంద్రమతి పక్కన తాడిపత్రి అనీ, ఆ తరువాత ఆమె పేరూ. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలు. కుర్చీ రూపాయి, బెంచి ఎనిమిదణాలు, నేల రెండణాలు. "స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు." ఆడవాళ్లు ఒక పక్క తడికె వెనకాల కూర్చోని, తెర ముందర ఆడమనిషిని చూడడానికి వచ్చినారంటే నాకు ఎట్లనో ఉంది. ఆ కాయితాన్ని తీసుకోని ఎర్రగుంట్ల పెద్దమ్మ దగ్గరికి పోయినాను. ఆమె తల్లి పెద్దజేజికి తోడుగా ఊర్లు తిరిగిన మనిషి కదా. పెద్దమ్మకు ఇప్పుడు చూపు ఆనదు, మాట మాత్రం గట్టిది. కాయితం చేతికిస్తే వాసన చూసి, "అర్దళం వాసన ఇంకా ఉందిరా" అనింది. అర్దళమంటే అప్పట్లో ముఖానికి పూసుకునే పసుప్పచ్చని రంగు. నాకైతే పాతపెట్టె వాసనే వచ్చింది. ఆమె మాట నేను కాదనలేదు.

ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాండా, నిదానంగా చదువు.

ఆ కాలంలో కంట్రాక్టు నాటకాలు ఉన్నింటాయి. కంట్రాక్టరు ఒకడు డబ్బు పెట్టి, హరిశ్చంద్రుణ్ణి ఒక ఊరినుంచి, నక్షత్రకుణ్ణి ఇంకొక ఊరినుంచి, చంద్రమతిని ఇంకొక ఊరినుంచి పిలిపిస్తాడు. అందరూ కలిసేది ఆ పొద్దు సాయంత్రమే. రిహార్సలు అంటూ ఉండదు. హార్మోనియం ఆయన వచ్చి "నీ శ్రుతి ఎంతమ్మా" అని అడిగి పోతాడు, అంతే. పుస్తకం అందరికీ కంఠతా ఉండాల. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యాలు ఎవురు ఎంత సేపు రాగం తీస్తే వాళ్లకు అన్ని వన్స్‌మోర్లు. మైకులు లేవు. చివరి వరసలో కూర్చున్న రైతుకు వినపడాలంటే గొంతు ఎత్తుకోవాల్సిందే. ప్రొద్దుటూరికి అప్పుడు రైలు లేదు. మద్రాసు బొంబాయి లైను మీద ఎర్రగుంట్లలో దిగి, ఎద్దులబండి మీద హార్మోనియం, తబలా, వేషాల పెట్టె వేసుకోని ఈ పక్కకు వచ్చేది.

ఆ రాత్రి మన ప్రొద్దుటూర్లోనే. లోహితుడి వేషానికి పిలిపించిన పిల్లోనికి జ్వరం. కంట్రాక్టరు ఏం చేయాలో తెలీక తిరుగుతాంటే పెద్దజేజి, "నా కొడుకున్నాడు, వాడు చేస్తాడు" అనిందంట. ఆ కొడుకు మా నాయన. ఏడేండ్లు ఉంటాయేమో అప్పుడు. జీవితంలో ఒక్కసారి కూడా మాతో నాటకానికి రాని మనిషి, ఊళ్లో నాటకం వేస్తే కిటికీలు మూసేయించిన మనిషి, లోహితుడి వేషం కట్టినాడు పాపా! పెద్దమ్మ ఈ మాట చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

నాటకం సగం నడిచింది. వారణాసిలో అమ్ముడుపోయే ఘట్టం అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. తెర వెనకాల హార్మోనియం ఆయన తల పట్టుకోని కూర్చున్నాడు. కంట్రాక్టరు టిక్కెట్ల డబ్బు మూట కట్టుకోని బండి కట్టిస్తాండాడని ఎవురో వచ్చి చెప్పినారు. వేషగాళ్లకు సగం ముందే ముట్టింది. హార్మోనియానికి, తబలాకు, పెట్రోమాక్సు లైట్లు మోసే పిల్లోళ్లకు ఒక్క కాసు ముట్టలేదు. హరిశ్చంద్రుడు వేసిన ఆయన, "మన సగం మనకు వచ్చింది కదా, కాటిసీను ఆడేసి పోదాం, జనం తంతారు" అన్నాడంట. పెద్దజేజి జుట్టు విరబోసుకోని, ముఖానికి బూడిద పూసుకోని కాటిసీనుకు తయారుగా ఉంది. అట్లనే వేషాల పెట్టె మీద కూర్చుండిపోయింది. "లైటు పట్టుకున్న పిల్లోనికి డబ్బులియ్యకపోతే ఈ చంద్రమతి లేచేది లేదు" అనిందంట.

బయట జనం ఈలలు. తెర మీద చెనిక్కాయ పొట్టు పడతాంది. ఊరి పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చి, "ఏమ్మా, ఎంతసేపు?" అన్నాడు. ఆమె లేచి నిలబడి నమస్కారం చేసి సంగతి చెప్పింది. అరవలేదు, ఏడవలేదు. పెద్దమ్మ తల్లి ఈ మాట పదిసార్లు చెప్పేదంట, అరవలేదు ఏడవలేదని. ఆ పెద్దమనిషి మనుషుల్ని పంపిస్తే బండి ఊరిబయట దొరికింది. మూట తెచ్చి తెర వెనకాలే విప్పినారు. హార్మోనియానికి, తబలాకు, లైటు పిల్లోళ్లకు ఆమె ముందర లెక్కపెట్టి ఇచ్చినారు. తనకు రావాల్సిన మిగతా సగం చివర తీసుకుంది.

ఈ గొడవంతా జరిగేలోపల లోహితుడు నిద్రపోయినాడు. లేపితే లేవడం లేదు. సరే, పాము కరిచిన పిల్లోడే కదా అని అట్లనే ఎత్తుకోని పోయి స్టేజీ మీద పడుకోబెట్టినారు. ఆమె కొడుకును ఒళ్లో పెట్టుకోని పద్యం ఎత్తుకుంది. మనిషి మనిషంతా ఏడుస్తాంది గానీ గొంతు మాత్రం శ్రుతి తప్పలేదు. నేల మీద కూర్చున్న వాళ్లు కండువాలు నోట్లో కుక్కుకున్నారు. ఆమె కన్నీటి చుక్క పడిందో, దోమ కుట్టిందో, చచ్చిపోయిన లోహితుడు చెయ్యెత్తి ముక్కు గీరుకున్నాడు. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వబోయినారు. ఆమె రాగం ఆపకుండానే కొంగు తీసి పిల్లోని మీద కప్పి, ఆ చెయ్యిని కొంగుకింద తన చేత్తో పట్టుకుంది. పద్యం అయిపోయేవరకు విడవలేదు. వన్స్‌మోర్ అని అరిచినారంట గానీ ఆమె మళ్లీ పాడలేదు. బిడ్డ లేస్తాడని.

తెల్లవారినాక బండిలో లైటు పిల్లోళ్లు కూడా వాళ్లతోనే ఎర్రగుంట్ల దాకా వచ్చినారంట. పెద్దమ్మ చెప్పింది ఇంతవరకే. ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్తే రెండోసారి చెప్పించుకుంది.

ఇప్పుడు నీతో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఊరక చదివి పక్కన పెట్టొద్దు. గుత్తి మామ పెద్దజేజి గురించి ఎవురికి చెప్పినా "బళ్లారి రాఘవతో వేషం కట్టింది" అని మొదలుపెడతాడు. రాఘవ గారు 1880లో మన తాడిపత్రిలోనే పుట్టినారు కాబట్టి ఆ మాట అతుకుతుంది కూడా. నాటకపితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారికి మేనల్లుడు. బళ్లారిలో వకీలు, పెద్ద పేరు. ఆడ వేషాలు ఆడవాళ్లే కట్టాల అని పట్టుబట్టిన మనిషి. కొమ్మూరి పద్మావతీదేవి గారి మాదిరి చదువుకున్న ఆడవాళ్లు ఆయన పక్కన వేషాలు కట్టినారు. అంతా నిజం. మన పెద్దజేజి ఆయనతో ఆడినట్టు మన దగ్గర ఒక్క కాయితం లేదు. కాబట్టి నువ్వు ఆ మాట ఎక్కడా చెప్పొద్దు. ఆమె సొంతంగా నిలబడిన మనిషి. ఇంకొకరి పేరు తెచ్చి ఆమెకు ఆనించాల్సిన పని లేదు. మీ చిన్నాయన దాచిపెట్టడానికి అబద్ధం చెప్తాడు, గుత్తి మామ గొప్పకు అబద్ధం చెప్తాడు. మనం రెండూ చెప్పొద్దు. కాయితంలో ఉన్నది, పెద్దమ్మ నోట విన్నది, అంతవరకు చెప్దాం. ఏది కాయితమో, ఏది విన్న మాటో విడదీసి చెప్దాం. దస్తావేజు రాసేటప్పుడు నాకున్న నియమం ఇదే. మనిషి గురించి చెప్పేటప్పుడు ఇంకా ఎక్కువ ఉండాల.

కడపకు పోయి బ్రౌన్ గ్రంథాలయంలో కూడా చూసినాను. ఎర్రముక్కపల్లిలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు అంత కష్టపడి నిలబెట్టిన గ్రంథాలయం. ఆడ కూర్చోని పాత నాటకాల పుస్తకాలు తిరగేస్తాంటే నాకు ఒకటి తోచింది. మన జిల్లాలోనే, ఇప్పుడు చక్రాయపేట మండలంలో ఉండే సురభి ఊళ్లో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించినారు. వాళ్లు తోలుబొమ్మలాట కుటుంబాలు. తెర వెనకాల బొమ్మలకు పాట పాడే ఇంటి ఆడవాళ్లే తెర ముందరికి వచ్చి వేషాలు కట్టినారు. అక్కడినుంచే వచ్చిన సురభి కమలాబాయి 1932లో మొదటి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద"లో లీలావతి వేసింది. అదే కాలంలో స్థానం నరసింహారావు గారు చీర కట్టి సత్యభామ వేస్తే దేశమంతా చేతులెత్తి మొక్కింది, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. ఇచ్చింది సబబే, ఆయన అంతటి నటుడే. మగవాడు ఆడవేషం కడితే బిరుదులు, ఆడమనిషి ఆడవేషం కడితే ఇంట్లో పేరు కూడా ఎత్తకూడదు! ఇది ఏం న్యాయమని నాకు కోపం వచ్చింది పాపా. గ్రంథాలయంలో ఒక్కణ్ణే కూర్చోని కోపం చేసుకున్నాను.

ఇంక అసలుది. పెద్దజేజి తల్లి గురించి. అది కూడా నీకు తెలియాల. ఆమె తల్లి గుడి మాన్యం అనుభవించిన మనిషి, దేవదాసి. మీ చిన్నాయనకు కొరుకుడు పడనిది అదే. నాటకాలన్నా ఓర్చుకుంటాడేమో, ఇది ఓర్చుకోలేడు. ఇందులో ఆమె తప్పు ఏముందో నాకు అర్థం కాలేదు. ఏండ్లు నిండని పిల్లను పెద్దవాళ్లు గుడికి ముడిపెట్టినారు. ఊడిగం చేస్తేనే మాన్యం, మానితే పొలం పోతుంది. ఆ భయంతోనే తల్లి తరువాత బిడ్డ, బిడ్డ తరువాత మనవరాలు. ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో పోట్లాడితే 1929లో చట్టం సవరించి, ఊడిగం మానినా పొలం ఆ ఆడమనిషికే ఉండేటట్టు చేసినారు. 1947లో గుడికి అంకితం చేయడాన్నే నిషేధించినారు. పెద్దజేజి ఈ రెండు చట్టాల కంటే ముందే గుడి వదిలి స్టేజీ ఎక్కింది. ఆమె ఎక్కకపోయింటే మా నాయన ఎక్కడ ఉండేవాడో, నేను ఏ చెట్టుకింద ఉండేవాణ్ణో, నువ్వు ఆ కంప్యూటరు ముందర కూర్చునేదానివో కాదో ఆలోచించు.

టాకీలు వచ్చినాక కంట్రాక్టులు తగ్గిపోయినాయి. జమ్మలమడుగులో చివరి దినాల్లో పిల్లోళ్లకు పద్యాలు చెప్పేదంట. డబ్బు తీసుకునేది కాదు. పాలో పెరుగో తెస్తే పుచ్చుకునేది. నేను పుట్టకముందే పోయింది.

సరే, నంద్యాల వాళ్ల సంగతికి వస్తా. ఎంత దూరం పోయినా నా మనసు ఆడికే వస్తాంది. గుత్తి మామ చెప్పిందేమంటే, వాళ్లు మాటలకు రావడం నిలిపినారంట. కారణం నువ్వే ఆ అబ్బాయిని కూర్చోబెట్టి పెద్దజేజి సంగతి, ఆమె తల్లి సంగతి, విన్నంతవరకు చెప్పినావంట. ఉగాదినాడు మేం ఎవురం నీకు చెప్పింది లేదు. నీకు ఎవురు చెప్పినారో నేను అడగను. మీ అమ్మ చెల్లెలు ఇంకొక రకంగా చెప్తాంది, నువ్వే వద్దన్నావని. ఏది నిజమో నువ్వు రాస్తేనే నాకు నిజం. ఊరి మాటలతో నేను నీ మీద తీర్పు చెప్పను.

నువ్వు చెప్పి ఉంటే మంచి పని చేసినావు. ఈ మాట నేను ఫోన్లో చెప్పలేకపోతానని ఉత్తరం రాసినాను. పెండ్లి అయినాక తెలిసి వాళ్లు నిన్ను ఒక మాట అనేదానికంటే ముందే తెలియడం మేలు. అబ్బాయి మంచోడైతే నిలబడతాడు. వాళ్ల నాయన కాదన్నాడా, అబ్బాయే కాదన్నాడా, అది తేల్చుకో. రెండింటికీ చానా తేడా ఉంది. వాళ్ల నాయనది అయితే నేను నంద్యాలకు పోయి ఈ దస్తావేజు ముందర పెట్టి మాట్లాడతా. నాకు సిగ్గేం లేదు. అబ్బాయిదే అయితే నువ్వు దాని గురించి ఒక్క రాత్రి కూడా నిద్ర పోగొట్టుకోవద్దు. ఇంకొక మాట కూడా చెప్తా, కోపం చేసుకోవద్దు. పెద్దజేజి సంగతి ఒక మనిషిని పరీక్ష పెట్టడానికి వాడుకోకు. నీకు ఆ అబ్బాయి ఇష్టమైతే ఇష్టమని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. ఆమెను అడ్డం పెట్టుకోని తప్పించుకున్నావని నాకు ఒక పక్క అనుమానంగా ఉంది. కాకపోతే కాదని రాయి, నమ్ముతా.

మీ చిన్నాయనతో మాట్లాడే పని నాది. నువ్వు మధ్యలో రావొద్దు. ఆ నకలు ఒకటి ఆయనకూ ఇచ్చినాను. చదివినాడో లేదో తెలియదు. వెనక్కి మాత్రం పంపలేదు.

నీతో ఒక పని ఉంది. పాత పత్రికలు చానా స్కాను చేసి ప్రెస్ అకాడమీ వాళ్లు నెట్‌లో పెట్టినారు. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు గారు 1926లో మొదలుపెట్టిన సాధన పత్రికలో మన ఊర్ల నాటకాల కబుర్లు ఏమన్నా పడినాయేమో చూడు. ఫోన్లో ఆ అక్షరాలు నా కంటికి ఆనవు. ఆమె పేరుతో వెతకొద్దు, ఊరి పేరుతో వెతుకు. నాటకం పేరుతో కూడా చూడు. దొరికితే తేదీ, పుట సంఖ్య రాసి పెట్టుకో. ఊరక ఫొటో తీసి పంపించొద్దు, తరువాత ఏది ఎక్కడిదో తెలియదు.

బళ్లారికి కూడా పోవాలని ఉంది. 1953లో మైసూరు రాష్ట్రానికి పోయిందే గానీ అంతకుముందు నాటకాల పెద్దలందరూ ఆడనే ఉండిరి. కోలాచలం శ్రీనివాసరావు గారి ఊరు కూడా అదే. నీకు సెలవు దొరికితే ఇద్దరం పోదాం. గుంతకల్లులో రైలు మారాల. రాత్రి బండి వద్దు, పగటిది చూడు.

సామాన్లు పంపిస్తాండా. మన వీధిలో అబ్బాయి బస్సులో వస్తాండాడు, శనివారం పొద్దున నీకు ఫోను చేస్తాడు. వాని ఫోనన్నా ఎత్తు. గోంగూర ఊరగాయ సీసా మూత గట్టిగా బిగించినాను, స్పూను తడి లేకుండా పెట్టు. చెనిక్కాయల పొడి డబ్బా, రాగిపిండి, బొరుగులు ఉన్నాయి. రాగిసంగటి చేసుకోవడం నీకు రాదని మీ అమ్మ అంటాంది. వచ్చు అని నేను అన్నాను. నీ బండికి సర్వీసింగు చేయించి ఎన్నాళ్లయింది? బ్రేకులు చూపించు. గ్యాసు పైపు మార్చమని దీపావళికి చెప్పినాను, మార్చినావో లేదో చెప్పలేదు. ఐరన్ మాత్రలు తిన్నాక టీ తాగొద్దు, గంట ఆగు.

ఈ ఉత్తరం అందినాక వారంలోపల జవాబు రాకపోతే నేను ఎర్రగుంట్లలో రైలెక్కి కాచిగూడలో దిగుతా. మీ అమ్మ కూడా వస్తానంటాంది, మోకాలితో అంత దూరం ఎందుకని ఆపినాను. స్టేషనుకు రావొద్దు, ఆటో మాట్లాడుకుంటా. ఇంటి అడ్రసు మళ్లీ ఒకసారి రాయి. పోయినసారి రాసిన కాయితం ఎక్కడ పెట్టినానో కనపడలేదు. నేను నేల మీద పడుకుంటా, నీ స్నేహితురాళ్లకు ఇబ్బంది లేకుండా ఒకటే రాత్రి ఉండి వస్తా.

ఇట్లు,
నాయన

తా.క.: మీ అమ్మ రాయమంటాంది. నంద్యాల అబ్బాయి ఫొటో ఆమె దగ్గర ఇంకా ఉంది. ఉంచుకోవాల్నా, వాళ్లకు తిరిగి పంపించేయాల్నా, అది రాయి.